పేవర్ల రంగు తర్వాత, ముందు వాకిలి నేల చూడండి

హన్మకొండలో ఇల్లు కట్టుకున్నప్పుడు వాకిట్లో పరిచే కాంక్రీటు బిళ్లలు, అంటే పేవర్ల గురించి మా ఇంట్లో వారం రోజులు చర్చ నడిచింది. ఎరుపు, బూడిద కలిపి వేయాలా, చుట్టూ పసుపు బార్డర్ తిప్పాలా అన్నదే ఆ చర్చంతా. వాటి కింద ఏం వేస్తారని ఒక్కరం కూడా అడగలేదు. గృహప్రవేశం దగ్గర పడింది, మూడు రోజుల్లో పని అయిపోయింది. చూడటానికి చాలా బాగుంది కూడా. మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండో వానాకాలంలో ఇంటి గోడ వెంట రెండడుగుల వెడల్పున నేల కుంగింది. వాన నీళ్లు గేటు వైపు పోవాల్సింది పోయి గోడ వైపే వచ్చి నిలిచాయి. కారు నిలిపే చోట చక్రాల కింద రెండు చాళ్లు పడ్డాయి.

తీసి చూస్తే ఒక్క పేవర్ కూడా పగల్లేదు. అన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. కింద ఇసుక మాత్రం ఒక చోట అంగుళం, ఇంకో చోట నాలుగు అంగుళాలు ఉంది. దాని కింద నేరుగా నల్లమట్టి. అది చూసి మా చిన్నాయన, పరకాల దగ్గర పత్తి పండించే మనిషి, ఒక్క మాటే అన్నాడు: "ఇది రేగడి బిడ్డా, దీని మీద ఏదీ కుదురుగుండదు."

అప్పటి నుంచి ఎవరైనా ఏ పేవర్ మంచిదని అడిగితే నేను తిరిగి అడిగేవి మూడు. మీ నేల ఏది? మీ వాకిట్లోకి వచ్చే అతి పెద్ద బరువు ఏది? వాన నీళ్లు ఎటు పోతాయి? ఈ మూడూ తేలాక పేవర్ మందం, రకం వాటంతట అవే తేలతాయి. రంగు చివరికి వస్తుంది.

ముందు పేవర్లు ఎలా పనిచేస్తాయో కొంచెం చెప్పుకోవాలి. సీసీ, అంటే సిమెంటు కాంక్రీటు పోస్తే అది ఒకే బండ. పేవర్లు వందల ముక్కలు. వాటిని సిమెంటు పట్టి ఉంచదు. సందుల్లో దిగిన సన్న ఇసుకే పట్టి ఉంచుతుంది. ఒక ముక్క మీద చక్రం ఎక్కితే ఆ బరువు సందుల్లోని ఇసుక ఒరిపిడి ద్వారా చుట్టూ ఉన్న ముక్కలకు పంచుకుంటుంది. ఇంటర్‌లాకింగ్ అంటే ఇదే. జిగ్‌జాగ్ ఆకారం దీనికి తోడ్పడుతుంది కానీ అసలు పని ఇసుకది. ఆ ఇసుక ఎటూ పారిపోకుండా కట్టి ఉంచితేనే ఇదంతా జరుగుతుంది. మూతి కుట్టిన బియ్యం బస్తా మీద మనిషి నిలబడొచ్చు. కుట్టు విప్పితే అవే బియ్యం కాలి కింద జారిపోతాయి.

కట్టి ఉంచిన ఇసుక ఎంత బరువు మోస్తుందో చూడాలంటే మనం దూరం పోనక్కర్లేదు. ములుగు జిల్లా పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి పునాది ఇసుక మీదే ఉంది. శాండ్‌బాక్స్ పద్ధతి అని ఇప్పుడు అందరూ చెప్పుకునేది దాన్నే. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడి అది. అక్కడి ఇసుక నాలుగు వైపులా బంధించి ఉంది. మన వాకిట్లో పేవర్ల కింద ఇసుకకు అలాంటి పెట్టె ఉండదు. అందుకే దాన్ని పలచగా పరచాలి, అంచులు గట్టిగా కట్టాలి. దబాయించాక, అంటే గట్టిగా అణగ్గొట్టాక, ఆ పొర 25 నుంచి 40 మిల్లీమీటర్లు, అంటే అంగుళం నుంచి అంగుళంన్నర ఉంటే చాలు. ఎత్తుపల్లాలను ఇసుకతో సరిచేయడమే మా వాకిట్లో జరిగిన తప్పు. నాలుగు అంగుళాల ఇసుక ఉన్న చోట ఎక్కువ కుంగుతుంది, అంగుళం ఉన్న చోట తక్కువ కుంగుతుంది. పైన వేసింది ఎంత ఖరీదైన రాయి అయినా ఆ తేడా కనిపించి తీరుతుంది. హెచ్చుతగ్గులు ఇసుక కింద వేసే మొరం (గులక కలిసిన ఎర్రమట్టి) పొరలోనే సరిచేసుకోవాలి.

ఇక నేల. వరంగల్, కరీంనగర్ వైపు ఒకే ఊళ్లో రెండు రకాల నేలలుంటాయి. చెల్క నేల, అంటే ఎర్ర దుబ్బ, నీళ్లు తాగినా పెద్దగా కదలదు. దాని మీద పని తేలిక. నల్లరేగడి అలా కాదు. ఆ మట్టిలోని బంక రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, ఎండకు ముడుచుకుంటాయి. ఏప్రిల్‌లో పత్తి చేన్లు నెర్రెలు బారేది ఇందుకే. ఆదిలాబాద్, నిర్మల్ వైపు ఈ రేగడి ఇంకా ఎక్కువ. వాకిలి రేగడి మీద ఉంటే ఏటా లేచి దిగుతూనే ఉంటుంది. దాన్ని ఎంత దబాయించినా లాభం లేదు. కనీసం అడుగున్నర లోతు తవ్వి తీసేసి ఎర్ర మొరం నింపడమే దారి. మొరం నింపేటప్పుడు ఒకేసారి అడుగున్నర పోసి పైన రోలర్ తిప్పితే కింద భాగం వదులుగానే ఉండిపోతుంది. అర అడుగు పోయాలి, నీళ్లు చల్లాలి, వైబ్రేటర్ (అదిరిస్తూ అణగ్గొట్టే మిషన్) తిప్పాలి, మళ్లీ అర అడుగు పోయాలి. దీనికి రోజులు పడతాయి. మేస్త్రీకి కూలి పెరుగుతుంది. కానీ డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే.

మూడో రకం నేల ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. అది మనం నింపిన మట్టి. పునాది కోసం తవ్విన కందకాన్ని తర్వాత ఏ మట్టి దొరికితే దానితో పూడుస్తారు. సెప్టిక్ ట్యాంకు చుట్టూ, నీళ్ల సంపు చుట్టూ, డ్రైనేజీ పైపు మీద కూడా ఇంతే. వాకిలి ఎప్పుడూ మొదట కుంగేది ఈ చోట్లలోనే. మా గోడ వెంట పడిన రెండడుగుల పట్టీ సరిగ్గా పునాది కందకం వెడల్పే. పల్లపు జాగాలో మట్టి పోసి ఎత్తు చేసిన ప్లాట్లయితే మొత్తం వాకిలే నింపిన మట్టి. అలాంటి చోట నా సలహా ఒకటే: నింపిన మట్టిని ఒక వానాకాలం తాగనివ్వండి. మృగశిర నుంచి దసరా దాకా వానలు పడి అది దిగాల్సినంత దిగాక మొరం పోసి, దబాయించి, అప్పుడు పేవర్లు వేయించండి. గృహప్రవేశానికి మొరం వాకిలి చాలు. ఫొటోల కోసం తొందరపడితే రెండోసారి ఖర్చు తప్పదు.

కాంట్రాక్టర్‌తో మాట్లాడే ముందు పొరల లెక్క మనకు తెలిసి ఉండాలి. మనుషులు నడిచే చోటైతే గట్టి నేల మీద నాలుగు అంగుళాల మొరం దబాయిస్తే సరిపోతుంది. కారు వచ్చే చోట ఆరు అంగుళాల మొరం, దాని మీద నాలుగు నుంచి ఆరు అంగుళాల కంకరను డస్ట్‌తో కలిపి తడిపి దబాయించాలి. ఈ కంకర పొర మీద ట్రాక్టర్ పోయినా టైరు అచ్చు పడకూడదు. దాని పైన ఇసుక. ఇక్కడ చాలామంది ఇసుక బదులు క్రషర్ డస్ట్ (కంకర కొట్టేటప్పుడు మిగిలే పొడి) వేస్తారు, చవక కాబట్టి. డస్ట్‌లో పిండి లాంటి సన్న పొడి ఎక్కువుంటే అది నీళ్లను పట్టి ఉంచుకుని బురద అవుతుంది, చక్రం బరువుకు సందుల్లోంచి పైకి చిమ్ముతుంది. దొడ్డు ఇసుకైనా, కడిగిన రోబో శాండ్ (రాయిని నలగ్గొట్టి చేసే ఇసుక) అయినా మంచిదే. గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి బాగా ఊపి రెండు గంటలు కదలకుండా ఉంచండి. ఇసుక మీద మట్టి పొర మందంగా తేరితే ఆ లోడు వెనక్కి పంపండి.

అంచుల సంగతి రెండు మాటల్లో చెప్తాను, కానీ వదిలేయొద్దు. పేవర్లు ఆగిపోయే ప్రతి వైపూ కాంక్రీటులో పాతిన కర్బ్ (అంచు రాయి) ఉండాలి. ప్రహరీ గోడ ఉన్న వైపు గోడే కర్బ్. గేటు దగ్గర, మొక్కల మడి దగ్గర ఏమీ లేకుండా వదిలేస్తే ఆ చివరి వరుస బయటికి జరుగుతుంది. దాని వెనక వరుస, దాని వెనక వరుస అలాగే సడలుతూ వస్తాయి.

ఇప్పుడు బరువు. మాది చిన్న కారే అని అందరూ అంటారు. చిన్న కారు టన్ను అటూ ఇటూ ఉంటుంది, దానికి భయం లేదు. ఎండాకాలంలో మీ సంపు నింపడానికి వచ్చే వాటర్ ట్యాంకర్ గురించి ఆలోచించండి. 5,000 లీటర్ల ట్యాంకరైతే నీళ్లే 5 టన్నులు, ట్రాక్టర్, ట్యాంకు బరువు వేరే. ఊళ్లో ఇల్లయితే వడ్ల బస్తాల ట్రాక్టర్ వాకిట్లోకే వస్తుంది. పై అంతస్తు కట్టాలనుకుంటే ఇసుక, ఇటుక, ఇనుము అన్నీ ఆ దారినే రావాలి. వాకిలి లెక్క మీ కారుకు కాదు, ఏడాదికి నాలుగు సార్లు వచ్చినా సరే, ఆ ట్యాంకరుకు కట్టాలి.

ఐఎస్ 15658 అనే భారతీయ ప్రమాణం ఈ లెక్కకు ఉంది. 2006లో వచ్చిన దాని పట్టిక ప్రకారం మనుషులు నడిచే చోటికి 50 మిల్లీమీటర్ల మందం, ఎం30 గ్రేడ్. తేలికపాటి వాహనాలకు 60 మిల్లీమీటర్లు, ఎం35. మధ్యరకం రాకపోకలకు 80 మిల్లీమీటర్లు, ఎం40. ఎం35 అంటే 28 రోజుల వయసుకు చదరపు సెంటీమీటరు మీద సుమారు 350 కిలోల బరువు పెట్టినా నలగని కాంక్రీటు. ట్యాంకర్ రాని పట్టణపు ఇంటికి 60 చాలు. ట్యాంకర్, ట్రాక్టర్ లోపలికి వచ్చే ఇంటికి ఆ దారి మేర 80 వేయించి, మిగతా వాకిలికి 60 వేయించుకోవచ్చు. రెండూ కలిసే చోట కింద పొర ఎత్తు ముందే తేడాగా ఉంచాలి, అది మేస్త్రీకి మొదటి రోజే చెప్పాలి. కార్లు తిరిగే చోట పేవర్లను ఒకే వరుసలో గీత పట్టినట్టు కాకుండా చేప ముల్లులా అడ్డం నిలువు అల్లి పరిస్తే చక్రం తిప్పినప్పుడు జరగవు. దీనికి వెడల్పుకు రెండింతలు పొడవున్న దీర్ఘచతురస్రం బ్లాక్ కావాలి. చదరపు బిళ్లలు నడకకే బాగుంటాయి.

అమ్మకం దగ్గర 60 అని చెప్పి 52 ఇచ్చే వాళ్లుంటారు. టేపు తీసుకెళ్లండి. పది బ్లాకులు వరుసగా పెట్టి పైన నిటారు కర్ర ఆనించి చూస్తే మందంలో తేడాలు తెలిసిపోతాయి. బరువు ఇంకా మంచి కొలత. 60 మిల్లీమీటర్ల మంచి బ్లాకులు చదరపు అడుగుకు సుమారు 13 కిలోలు తూగాలి, గజానికి 120 కిలోల వరకు వస్తుంది. బాగా తక్కువ తూగితే లోపల గుల్ల ఉన్నట్టే.

తయారీలో రెండు దారులున్నాయి. నీళ్లు ఎక్కువ కలిపిన కాంక్రీటును రబ్బరు మౌల్డులో పోసి, వైబ్రేటింగ్ టేబుల్ మీద కుదిపి, మర్నాడు తీసేది ఒకటి. ఇవి అద్దంలా మెరుస్తాయి, షోరూంలో మనసు దోచేవి ఇవే. రెండోది పొడి కాంక్రీటును మిషన్‌లో ఒత్తి అప్పటికప్పుడు బయటికి తీసేది. ఇది గరుకుగా, కొంచెం మొరటుగా కనిపిస్తుంది. నేను గరుకుదాన్నే ఎంచుకుంటాను. వానాకాలంలో పాచి పట్టిన మెరుపు టైల్ మీద కాలు జారితే పెద్దవాళ్ల తుంటి ఎముకకే దెబ్బ తగులుతుంది. మౌల్డువి అన్నీ చెడ్డవని కాదు, నీళ్లు తగ్గించి, సరిగ్గా క్యూరింగ్ చేసిన, అంటే సరిపడా రోజులు తడిపిన చోట గట్టివే వస్తాయి. కానీ వాటిని అరుగు మీదికి, గార్డెన్ బాటకి పరిమితం చేయండి.

ఏ రకమైనా కొనే ముందు రెండు బ్లాకులు ఇంటికి తెచ్చుకోండి. ఒకదాన్ని సుత్తితో పగలగొట్టండి. లోపల కంకర ముక్కలు సమంగా, సందుల్లేకుండా ఉండాలి. రంగు పైపూతలా కాకుండా కనీసం అర సెంటీమీటరు లోతు ఉండాలి, పైపొర కింది పొర నుంచి బిళ్లలా ఊడి రాకూడదు. రెండోదాన్ని మూడు నాలుగు రోజులు బాగా ఎండబెట్టి కిరాణా కాంటా మీద తూచి, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, తుడిచి మళ్లీ తూచండి. ఆ 2006 ప్రమాణం ప్రకారం సగటున 6 శాతం మించి నీళ్లు పీల్చకూడదు. మూడు కిలోల బ్లాక్ 180 గ్రాముల కంటే ఎక్కువ పెరిగితే అది వద్దు. ల్యాబ్ పరీక్ష అంత కచ్చితం కాదు ఇది, కానీ మరీ నాసిరకాన్ని పట్టిస్తుంది. పెద్ద ఆర్డరైతే ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో పరీక్ష రిపోర్టు అడగడం మీ హక్కు. తయారు చేసిన తేదీ కూడా అడగండి. వారం కిందటి బ్లాకులకు ఇంకా పూర్తి బలం రాదు, లారీలో అంచులు రాలేది ఇలాంటివే.

రామగుండం కరెంటు ప్లాంటు బూడిద కలిపారని విని కొందరు వెనక్కి తగ్గుతారు. సిమెంటులో కొంత భాగం బదులు ఫ్లై యాష్ కలపడం తప్పు కాదు. అది నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి ఎక్కువ రోజులు తడపాలి, అంతే. వేసిన కొత్తలో పైకి తేలే తెల్లటి పొడి గురించి కూడా కంగారు వద్దు. సిమెంటులోని సున్నం నీళ్లతో పైకి వచ్చి గాలి తగిలి తెల్లబడేదే అది. వానలకు, చీపురుకు క్రమంగా పోతుంది. దాన్ని వదిలించడానికి బాత్రూం యాసిడ్ పోయడమే అసలు ప్రమాదం, యాసిడ్ కాంక్రీటునే తినేస్తుంది.

రంగు దగ్గరికి వచ్చాం. ఐరన్ ఆక్సైడ్ రంగులు ఎండకు నిలుస్తాయి. ఎరుపు, గోధుమ, పసుపు, నలుపు వీటిలోనే వస్తాయి. కళ్లు చెదిరే ఆకుపచ్చ, నీలం చవకగా ఇస్తున్నారంటే రెండు ఎండాకాలాల్లో వెలిసిపోతాయని అనుకోవాలి. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. మనం వాకిట్లో చెప్పుల్లేకుండా తిరిగే వాళ్లం. నల్ల, ముదురు ఎరుపు పేవర్ల మీద మధ్యాహ్నం అడుగు పెట్టలేం. లేత బూడిద, గోధుమ రంగు కాస్త నయం.

ఇంకొక విషయం ఏ కేటలాగులోనూ ఉండదు. వాకిలి అంటే మనకు కారు నిలిపే చోటు మాత్రమే కాదు. పొద్దున్నే సాన్పి చల్లి ముగ్గు వేసేది అక్కడే. పేవర్ల అంచులు కోసి ఉండటం వల్ల ప్రతి సందు దగ్గరా ముగ్గు గీత తెగుతుంది, పిండి సందుల్లోకి పోతుంది. మా అమ్మ మొదటి రోజే "గీత నిలుస్తలేదు" అని బాధపడింది. రెండోసారి వేయించినప్పుడు గేటు లోపల ఆరడుగులు, నాలుగడుగుల మేర నున్నని తాండూరు బండలు వేయించాం, అది ముగ్గు జాగా. బతుకమ్మ పెట్టుకుని చుట్టూ ఆడేంత జాగాలో మెట్టు, కర్బ్, రంగు బార్డర్ ఎత్తు ఏదీ కాలికి తగలకుండా చూశాం. తులసి గద్దె చుట్టూ ఒక వరుస వదిలేస్తే నీళ్లు మట్టిలోకే పోతాయి.

పేవర్లు కాకుండా వేరేవి వేయించొచ్చా అంటే, వేయించొచ్చు. షాబాద్, తాండూరు బండలు సున్నపురాయి, చల్లగా ఉంటాయి, నడకకు హాయి. కారు కింద మాత్రం ఎక్కడ గుల్ల ఉంటే అక్కడ పగులుతాయి, కింద సీసీ తప్పనిసరి. కరీంనగర్ గ్రానైట్ బలానికి తిరుగులేదు, కానీ పాలిష్ చేసినది తడిస్తే జారుతుంది, గరుకు చేసినదే తీసుకోవాలి. పార్కింగ్ టైల్స్ అందంగా ఉంటాయి, కింద మంచి సీసీ ఉంటేనే. సీసీ బలంగా ఉంటుంది, కానీ కింద పైపు పగిలితే బండ కోయాలి. పేవర్లలో నాకు నచ్చేది ఇదే: తీసి, సరిచేసి, అవే మళ్లీ పెట్టుకోవచ్చు. సందుల్లో సిమెంటు పాలు పోసి బిగించే మేస్త్రీలు ఆ ఒక్క గుణాన్నీ చంపేస్తారు. కింద నేల కాస్త కదలగానే ఆ సిమెంటు పగిలి, నీళ్లు లోపలికి దిగి, బయటికి రాలేక ఉండిపోతాయి.

నీళ్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే. అంతటి వానకు ఏ వాకిలీ ఆగదు. మామూలు గట్టి వానే చూడండి. 50 మిల్లీమీటర్లు పడితే 50 గజాల వాకిలి మీద 2,000 లీటర్లకు పైగా నీళ్లు. అవి ఎక్కడికి పోవాలో పేవర్లు వేయక ముందే తేలాలి. 20 అడుగుల పొడవుకు 4 నుంచి 5 అంగుళాల వాలు, ఇంటి నుంచి బయటికి ఉండాలి. ఆ వాలు కింద మొరం పొరకే ఇవ్వాలి. చివరన జాలీ పెట్టి ఇంకుడు గుంతలోకి వదిలితే బోరుకూ మంచిది. రోడ్డు ఎత్తు కూడా చూసుకోండి. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేయడం వల్ల గేటు దగ్గర వాకిలి పల్లమైన ఇళ్లు ప్రతి కాలనీలో ఉన్నాయి. బేస్‌మెంట్ ఎత్తు అనుమతిస్తే వాకిలిని రోడ్డు కంటే కాస్త పైనే నిలపండి.

కొటేషన్ "గజానికి ఇంత" అని ఒక్క ముక్కలో ఇస్తే తీసుకోకండి. తవ్వకం, మొరం ఎన్ని అంగుళాలు, కంకర ఎన్ని అంగుళాలు, ఇసుక, కర్బ్, బ్లాక్ మందం, గ్రేడ్, వైబ్రేటర్ ఎన్ని సార్లు, ఇవన్నీ విడివిడిగా రాయించుకోండి. రెండు కొటేషన్ల మధ్య తేడా ఎక్కడుందో అప్పుడు కనిపిస్తుంది. దాదాపు ఎప్పుడూ మొరం, కంకర దగ్గరే ఉంటుంది.

మా వాకిలి రెండోసారి వేసింది వయసు మళ్లిన మేస్త్రీ ఒకాయన. రేగడి తీసి మొరం నింపడానికే ఆరు రోజులు తీసుకున్నాడు. పాత పేవర్లే తిరిగి పెట్టాడు, ఒక్కటి కూడా కొత్తది కొనలేదు. సందుల్లో పొడి ఇసుక ఊడ్చి, వైబ్రేటర్ తిప్పి, మళ్లీ ఊడ్చి, పోయేటప్పుడు అర బస్తా సన్న ఇసుక మెట్ల కింద పెట్టి చెప్పాడు: "మొదటి వానకు సందులు దిగుతయి సార్, ఇది మళ్ల ఊడ్వండి. ప్రెజర్ పైపుతోని కడగకుండ్రి." జూన్ చివర్లో ఒక రాత్రి గట్టిగా కురిసింది. పొద్దున్నే మా అమ్మ ముగ్గు బండలు కడుగుతుంటే నేను చీపురు పట్టుకుని ఆ అర బస్తా ఇసుకను సందుల్లోకి ఊడ్చాను. గోడ పక్కన నీళ్లు లేవు.